బజారు కాంప్లెక్సా, వార్డుల కాలువలా? మునిసిపాలిటీ డబ్బు ముందు ఎటు పోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశాలో గజపతి, రాయగడ వైపు ఇరవై వార్డుల మునిసిపాలిటీ. వచ్చే ఏడాది పనులకి ₹14 కోట్లు అంటున్నారు. పది కోట్లు పాత బజారులో మార్కెట్ కాంప్లెక్సుకి, రెండు కోట్లు అక్కడే టైల్సుకీ లైట్లకీ, మిగిలిన రెండు కోట్లు వార్డుకి పది లక్షల చొప్పున. మీ వీధి పల్లంలో ఉంది, గట్టి వాన పడితే గుమ్మం దాటి నీళ్లొస్తాయి. కౌన్సిలర్ గారిని అడిగితే "బజారు సంపాదిస్తేనే కదండీ వార్డులకి పెట్టేది" అన్నారు. ఆ మాట నిజమేనా, కాకపోతే ఏమని వాదించాలి?

సగమే నిజం. అయినా బజారు పని ఆపమని మాత్రం వాదించకండి. అలా అడిగితే వర్తకులందరూ ఒకవైపు, మీ వీధి ఒక్కటీ ఒకవైపు అయిపోతుంది. మీరు అడగాల్సింది వేరు: బజారు నుంచి దిగే వాననీరు గెడ్డలో, అంటే వాగులో, కలిసేదాకా కాలువ ఖర్చంతా బజారు ప్రాజెక్టు అంచనాలోనే ఉండాలి. ఆ కాలువ పూర్తయ్యాకే పై అంతస్తులు, టైల్సు. అప్పుడు మీది ఒక వార్డు గోడు కాదు, ఆ ప్రాజెక్టులో తప్పిపోయిన భాగం.

దీనికంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఆ ₹14 కోట్లు ఒకే మూట కాదు. ఏ పద్దులో ఎంతుందో తెలియకుండా సభకి వెళితే "ఆ నిధులు దీనికి వాడకూడదండీ" అన్న ఒక్క మాటతో కూర్చోబెట్టేస్తారు.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పెట్టిన నిబంధన చూడండి. పది లక్షల జనాభా దాటని ఊళ్లకి ఇచ్చే గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే ముందే కట్టేసిన డబ్బు. అందులో సగం పారిశుధ్యానికీ చెత్త నిర్వహణకీ, మిగతా సగం తాగునీరు, వాననీటి సేకరణ, నీటి పునర్వినియోగానికీ. మిగిలిన 40 శాతం అన్‌టైడ్. ఊరి అవసరాన్ని బట్టి కౌన్సిల్ వాడుకోవచ్చు, జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ తప్ప. ఆ సంఘం కాలం 2026 మార్చి 31 వరకే, ఆపైన వచ్చేదానికి కొత్త సంఘం నిబంధనలు. కాబట్టి మీ బడ్జెట్ కాగితంలో ఏ సంవత్సరపు గ్రాంటు అని రాశారో చూడండి.

టైడ్ డబ్బుతో షాపులు కట్టకూడదు, అలంకరణ లైట్లు పెట్టకూడదు. అలా పెట్టినట్టు కనిపిస్తే అదొక్కటే బలమైన అభ్యంతరం. కానీ ఈ కత్తికి రెండువైపులా పదునుంది. అదే డబ్బుతో మీ వీధిలో మామూలు వానకాలువ కట్టమన్నా ఒప్పుకోకపోవచ్చు. మరుగుదొడ్లు, చెత్త, సెప్టిక్ ట్యాంకు వ్యర్థాల శుద్ధి, కుళాయి, ఇంకుడు గుంత వంటివైతే నేరుగా సరిపోతాయి. కాలువలకి అన్‌టైడ్ భాగం, రాష్ట్ర ఆర్థిక సంఘం నిధులు, మునిసిపాలిటీ సొంత ఆదాయం చూడాలి. సొంత ఆదాయమంటే హోల్డింగ్ ట్యాక్సు (ఇంటిపన్ను), షాపుల అద్దెలు, ట్రేడ్ లైసెన్సులు. కౌన్సిల్‌లో నిజంగా కొట్లాడాల్సింది ఈ మూడింటి మీదే, అది ₹14 కోట్లకంటే చాలా తక్కువ ఉంటుంది.

ఇంకో మెలిక. బజారు మెయిన్ రోడ్డు చాలా ఊళ్లలో మునిసిపాలిటీది కాదు, రాష్ట్ర వర్క్స్ డిపార్ట్‌మెంట్‌ది, లేదంటే జాతీయ రహదారి వాళ్లది. మంచినీటి పైపులు పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ వాళ్లవి. దక్షిణ ఒడిశాలో కరెంటు స్తంభాలు 2021 జనవరి నుంచి విద్యుత్ పంపిణీ సంస్థ టీపీఎస్‌ఓడీఎల్ చేతిలో ఉన్నాయి. స్తంభం జరపాలంటే వాళ్ల అంచనా ప్రకారం ముందే డబ్బు కట్టాలి. ఈ మూడు శాఖల ఒప్పుదల కాగితాలు లేకుండా బజారు పని మొదలైందంటే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. టైల్సు వేసిన మర్నెల్లో పైపు కోసం తవ్వుతారు, స్తంభం కాలువ మధ్యలోనే నిలబడిపోతుంది, కాంట్రాక్టరు దాని చుట్టూ వంపు తిప్పి కట్టేస్తాడు. చెత్త మొదట అడ్డుపడేది ఆ వంపులోనే.

ఇక "బజారు సంపాదిస్తుంది" అన్న వాదన. దీన్ని నమ్మకంతో కాదు, లెక్కతో చూడాలి. అంకెలు మీ ఊరివి వేసుకోండి, పద్ధతి కోసం ఊహించి చెబుతున్నాను. పది కోట్ల కాంప్లెక్సులో కింద 50 షాపులు, పైన 30, నెలకి అద్దె ₹6,000. అన్నీ నిండి అందరూ కడితే ఏడాదికి ₹57.6 లక్షలు. డీపీఆర్‌లో (ప్రాజెక్టు సమగ్ర నివేదికలో) రాసేది ఈ అంకే. ఇలాంటి చిన్న ఊళ్లలో కింది షాపులకి పోటీ ఉంటుంది, మెట్లెక్కి వెళ్లాల్సిన షాపులు ఖాళీగానో గోడౌన్లుగానో మిగిలిపోతాయి. కింది 50కే అద్దె, అందులోనూ 80 శాతమే వసూలు అనుకోండి, ₹28.8 లక్షలు. కట్టడం ఖర్చు మీద ఏడాదికి రెండు శాతం నిర్వహణ తీస్తే ₹20 లక్షలు పోయాయి. లిఫ్టు, జనరేటరు, కాపలా, వరండా కరెంటు అన్నీ అందులోనే సర్దుకోవాలి. మిగిలేది ₹8.8 లక్షలు. ఇరవై వార్డులకి పంచితే ఒక్కొక్క దానికి నలభై నాలుగు వేలు. అప్పు తెచ్చి కడితే అదీ లేదు. పది కోట్లకి తొమ్మిది శాతం చొప్పున వడ్డీయే ₹90 లక్షలు.

అందుకే మూడు అంకెలు అడగండి: ఇప్పుడున్న మునిసిపాలిటీ షాపుల్లో ఎన్ని ఖాళీ, అద్దె బకాయి ఎంత, కొత్త కాంప్లెక్సు నిర్వహణకి ఏటా ఎంత పెట్టారు. పాత షాపుల అద్దెలే వసూలు కాకపోతే కొత్తవి కట్టి వార్డులని పోషిస్తామన్న మాట నిలబడదు. సలామీ, అంటే ముందే తీసుకునే మొత్తం, వస్తుంది కదా అంటారు. వస్తుంది, ఒకేసారి వస్తుంది. దాన్ని ఆ సంవత్సరం జీతాల్లో కలిపేసుకుంటే నిర్వహణకి పైసా మిగలదు. విడి ఖాతాలో వేసి మరమ్మతులకే వాడాలని తీర్మానం రాయించండి.

బజారుకి న్యాయంగా ఇవ్వాల్సింది కూడా ఉంది. కూరగాయల, చేపల మార్కెట్టు, బస్టాండు, ఆడవాళ్లకి పనికొచ్చే మరుగుదొడ్డి, ఇవి ఇరవై వార్డులవాళ్లూ, చుట్టుపక్కల పల్లెలవాళ్లూ వాడేవి. వీటికి ఖర్చుపెడితే పల్లం వార్డుకి అన్యాయం జరిగినట్టు కాదు. చేపల మార్కెట్టుకైతే నేల ప్రతి అయిదడుగులకీ అంగుళానికి పైగా వాలు ఉండి, కుళాయి, కాలువ మూతి దగ్గర పొలుసు ఆగే జాలీ ఉంటే చాలు, అంతస్తులు అక్కర్లేదు. కూరగాయలవాళ్లని హాలు లోపలికి పంపితే వారం తిరక్కుండా మళ్లీ రోడ్డు మీదే ఉంటారు, ఎందుకంటే కొనేవాళ్లు స్కూటర్ దిగరు. రోడ్డువైపు తెరుచుకున్న రేకుల షెడ్డు, అడుగు ఎత్తు అరుగు, వెనక నీళ్లు పోయే దారి. దానికయ్యేది కాంప్లెక్సు ఖర్చులో చిన్న ముక్క.

ఇప్పుడు అసలు విషయానికి, మీ వీధి నీళ్లకి.

ఈ వైపు పాత ఊళ్ల నేల తీరు చూస్తే బజారు, కోట, గుడి కాస్త మెరక మీద ఉంటాయి. తర్వాత వచ్చిన కాలనీలు వరిపొలాల మీద, చెరువుల కింద కట్టినవి. బజారులో మట్టి నేల, పెంకుటిళ్ల పెరళ్లు ఉన్నన్నాళ్లు కొంత నీరు అక్కడే ఇంకేది. మొత్తం కాంక్రీటు, టైల్సు చేసేస్తే ఆ నీరంతా త్వరగా, ఒకేసారి మీ వైపు దిగుతుంది. అంటే బజారుని అందంగా చేసే ప్రాజెక్టే మీ వీధిని ఇంకాస్త ముంచే ప్రాజెక్టు. ఇది కోపంతో అనే మాట కాదు, లెక్క కట్టొచ్చు.

గంటకి 25 మిల్లీమీటర్ల వాన ఇక్కడ పెద్ద వాన కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా ముంచిందో చూసినవాళ్లకి అది జల్లే. ఆ వాన ఒక హెక్టారు కాంక్రీటు నేల మీద పడితే, పదో వంతు ఎక్కడో ఆగిపోయిందనుకున్నా, సెకనుకి సుమారు 62 లీటర్లు కాలువలోకి వస్తుంది. బజారు ఆరు హెక్టార్లుంటే సెకనుకి 375 లీటర్లు. మీ వీధిలో ఉండే కాలువ, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు, మూడు వందల మీటర్లకి ఒక మీటరు వాలుతో శుభ్రంగా ఉంటే నిండుగా మోసేది సెకనుకి 220 లీటర్లు. మిగిలిన 155 లీటర్లూ మీ గుమ్మాల్లోంచే పోవాలి. దానికి తోడు మీ వీధి నీరు వేరే ఉంది.

సగానికి పూడిక పట్టిందా, మోసే నీరు సగం కూడా కాదు, 90 లీటర్ల దగ్గరకి పడిపోతుంది. అడుగున, పక్కన రాపిడి అలాగే ఉండి దారి ఇరుకైపోతుంది కనుక. వాలు వెయ్యికి ఒకటి అయితే పూడిక లేకపోయినా 120 లీటర్లే. పైగా ఆ వాలులో కాలువ నిండుగా పారినప్పుడే వేగం సెకనుకి అరవై సెంటీమీటర్లు అందుకుంటుంది. ఇసుక, మట్టి కొట్టుకుపోవాలంటే కనీసం అంత వేగం కావాలి. మామూలు రోజుల్లో అడుగున సన్నగా పారే నీటికి ఆ వేగం రాదు, మట్టి అక్కడే కూర్చుంటుంది. ఏటా పూడిక తీస్తున్నా ఏటా నిండే కాలువల్లో చాలావాటి జబ్బు ఇదే. తీసేవాళ్లని తిట్టి లాభం లేదు.

వాలు మీరే చూసుకోవచ్చు. మేస్త్రీలు వాడే పారదర్శక ట్యూబులో నీళ్లు నింపి, ముప్పై మీటర్ల దూరంలో ఇద్దరు నిలబడండి. రెండు చివర్లా నీటిమట్టం నుంచి కాలువ అడుగు ఎంత లోతో టేపుతో కొలవండి. మూడు వందలకి ఒకటి వాలైతే రెండో చివర పది సెంటీమీటర్లు ఎక్కువ లోతు రావాలి. వెయ్యికి ఒకటి అయితే మూడే సెంటీమీటర్లు, అది ప్లాస్టరింగ్ ఎత్తుపల్లాల్లోనే మాయమైపోతుంది. ట్యూబులో గాలి బుడగ ఉంటే కొలత తప్పు వస్తుంది, నింపేటప్పుడు చూసుకోండి. వీధి మొత్తం ముప్పై మీటర్లకొకసారి ఇలా కొలిచి ఒక కాగితం మీద గీస్తే, నీరు ఎక్కడ వెనక్కి తన్నుతోందో ఇంజనీరు కూడా కాదనలేడు.

కాలువ పని ఎప్పుడూ కింది చివర నుంచి మొదలవ్వాలి. గెడ్డలోనో చెరువు అలుగు దగ్గరో నీరు బయటపడే చోటు, దాని మట్టం తేల్చుకుని పైకి కట్టుకుంటూ రావాలి. పై నుంచి మొదలుపెడితే చివరికి వచ్చేసరికి గెడ్డ మట్టం మీ కాలువ అడుగుకంటే పైనుంటుంది, అప్పుడు చేసేదేమీ ఉండదు. వార్డుకి పది లక్షల పంపకం చెడేది కూడా ఇక్కడే. మీటరు కాలువ, మూత పలకలతో సహా ₹6,000 అనుకుంటే పది లక్షలకి వచ్చేది 166 మీటర్లు (మీ ఊరి అసలు రేటు అంచనా కాగితంలో ఉంటుంది, అది వర్క్స్ డిపార్ట్‌మెంట్ రేట్ల పట్టిక ప్రకారం వేస్తారు). ఇరవై చోట్ల ఇరవై ముక్కలు, ఒక్కటీ గెడ్డని చేరదు. పై వార్డు ముక్క కింది వార్డులోకి నీరు వదిలి ఆగిపోతుంది. అందరికీ సమానంగా ఇచ్చామన్న తృప్తి కౌన్సిల్‌కి, నీళ్లు మీకు.

పంపకం మొత్తం తీసేయమంటే ఏ కౌన్సిలరూ మీతో రాడు, వీధిలైటుకీ బోరు మరమ్మతుకీ వాళ్ల చేతిలో ఏదో ఉండాలి కదా. వార్డుకి మూడు లక్షలు ఉంచి, మిగిలిన ₹1.4 కోట్లు ఒకే కాలువ మార్గానికి కలపమనండి. పైన చెప్పిన రేటుకే అది రెండు కిలోమీటర్ల మూడొందల మీటర్లు. గెడ్డ నుంచి బజారు అంచుదాకా చిన్న ఊళ్లో అది చాలా మటుకు సరిపోతుంది. కింది భాగంలో కాలువ వెడల్పు పెంచాలి కనుక మీటరు ఖర్చు పెరుగుతుంది, ఆ తేడా టైల్సు డబ్బు నుంచి రావాలి. మరుసటి ఏడు ఇంకో మార్గం. ఆ క్రమాన్ని తీర్మానంలో ఇప్పుడే రాయించుకోకపోతే మరుసటి ఏడు మర్చిపోతారు.

రోడ్డు ఎత్తు గురించి కూడా ఒక మాట. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మరో నాలుగంగుళాల కాంక్రీటు పోయడం అలవాటైపోయింది. రెండుసార్లు పోస్తే గుమ్మం రోడ్డుకంటే కిందికి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఎంత కాలువ కట్టినా ఇంట్లో నీరు ఆగదు. అంచనాలో "పాత పొర తొలగింపు" అనే పద్దు ఉందో లేదో చూడండి. లేకపోతే టెండరు కాకముందే అడగాలి. పని మొదలయ్యాక కాంట్రాక్టరుతో గొడవపడి ప్రయోజనం లేదు, అతనికి లేని పద్దు అతను చెయ్యడు.

చిన్న కాలువలకి ఇంకో దారి, ముక్తా పథకం, అది మీ ఊళ్లో ఇప్పుడూ నడుస్తుంటే. 2020లో కరోనా సమయంలో పట్టణ కూలీల కోసం మొదలుపెట్టినది తర్వాత ఈ పేరుతో సాగింది. పని మహిళా సంఘాల ద్వారా చేయిస్తారు, కాంట్రాక్టరు ఉండడు. సందుల్లో చిన్న కాలువలకీ, ఇంకుడు గుంతలకీ బాగా సరిపోతుంది. గెడ్డ దాకా వెళ్లే పెద్ద కాలువకి సరిపోదు, దాన్ని ఇందులో ఇరికించొద్దు.

రోడ్డు పక్క అమ్ముకునేవాళ్ల సంగతి బజారు చర్చలో చివర వస్తుంది, నిజానికి ముందే రావాలి. 2014 వీధి వర్తకుల చట్టం ప్రకారం సర్వే చేయకుండా లేపేయకూడదు. చోటు మార్చాలంటే ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఆ వర్తకులే ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. మీ ఊళ్లో ఆ కమిటీ కూర్చుందా లేదా అడగండి. కూర్చోకుండా పని మొదలుపెడితే కోర్టుకి వెళ్లడానికి అదొక్కటే చాలు, బజారు సగం తవ్వి ఆగిపోతుంది. వర్తకుల సంఘానికి ఈ మాట ముందే చెబితే వాళ్లే మీకు తోడొస్తారు.

ఎవరితో మాట్లాడాలి అంటే, 2022 ఎన్నికల నుంచి ఒడిశాలో ఛైర్‌పర్సన్‌ని జనమే నేరుగా ఎన్నుకుంటున్నారు. కౌన్సిలర్ల చేతిలో ఆ పదవి లేదు కాబట్టి ఒక్క కౌన్సిలర్ అలిగితే ఎవరూ పట్టించుకోరు. నీరు దిగే దారిలో ఉన్న అయిదారు వార్డుల కౌన్సిలర్లు కలిసి, ట్యూబు కొలతల కాగితంతో వెళ్లాలి. వార్డు కమిటీలు ఉంటాయి కదా అని ఎవరైనా చెబితే, రాజ్యాంగం 243ఎస్ ప్రకారం అవి తప్పనిసరి అయ్యేది మూడు లక్షల జనాభా పైన. 2011 లెక్కల్లో మూడున్నర లక్షలు దాటిన బరంపురానికి వర్తిస్తుంది. లక్షకి లోపున్న పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి ఊళ్లకి ఆ అధికరణం కింద గట్టిగా అడగలేం.

కాగితాలకి సమాచార హక్కు దరఖాస్తు. ఒడిశాలో ఫారం-ఏ మీదే ఇవ్వాలి, గుర్తింపు కార్డు నకలు జత చేయాలి, ఫీజు ₹10, కోర్టు ఫీజు స్టాంపు అంటించినా సరిపోతుంది. తెలుగులో రాసి ఇవ్వకండి. ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష అని చట్టం చెబుతుంది, ఇక్కడ అది ఒడియా. మన పెద్దవాళ్లు చాలామంది ఒడియా మాట్లాడతారు గానీ రాయలేరు, చదువుకునే పిల్లల చేత రాయించండి. బజారు ప్రాజెక్టు డీపీఆర్, వివరమైన అంచనా, లెవెల్ షీట్లు, ఏ గ్రాంటు నుంచో తెలిపే పద్దు, మునిసిపాలిటీ షాపుల అద్దె బకాయిల జాబితా, ఇవి చాలు. "అన్ని వివరాలు" అని రాస్తే ఏమీ ఇవ్వరు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. జరుగుతున్న పనిని వెళ్లి తనిఖీ చేయడానికీ, సామాను నమూనా తీసుకోవడానికీ కూడా అదే చట్టం హక్కిస్తుంది, చాలామంది వాడుకోరు.

వేళ ముఖ్యం. బడ్జెట్ అంచనాలు జనవరి, ఫిబ్రవరిలో తయారవుతాయి, మార్చిలో సభ ఆమోదిస్తుంది. దరఖాస్తు అక్టోబరులో పడితే కాగితాలు నవంబరు చివరికి చేతికొస్తాయి, డిసెంబరులో కౌన్సిలర్లతో కూర్చోవచ్చు. పనికి పనికొచ్చే కాలం నవంబరు నుంచి మే దాకా. వర్క్ ఆర్డరు ఏప్రిల్లో ఇస్తే జూన్‌లో వానలు, ఆ వెంటనే రథయాత్ర, తవ్విన గోతుల మధ్య రథం లాగాలి. అలాంటి తేదీ కనిపిస్తే కాలువ కింది భాగం మాత్రం ముందు ముగించి, బజారు తవ్వకం నవంబరుకి వాయిదా వేయమని రాతపూర్వకంగా ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

మీరు డీపీఆర్ తెచ్చుకుంటే అందులో కాలువ చివరి మట్టం, గెడ్డలో వాననాటి మట్టం ఉన్న పేజీలు ఇక్కడ పెట్టండి. మొదటిది రెండోదానికంటే కింద ఉంటే ఆ డిజైను మీ వీధిలోకి నీరు వెనక్కి తెస్తుంది, ఎలా సరిచేయమనాలో అంకెలు చూసి చెబుతాను.